మండల్ గదిలో ఉడికిన ఇసుక

రత్నాబాయి మిక్సర్ పెట్టనీకి కోడలి లాప్‌టాప్ ప్లగ్గు పీకింది. దాని బ్యాటరీ సచ్చి ఏండ్లయింది గాబట్టి టక్కున స్క్రీన్ నల్లగైంది. కొబ్బరి పచ్చడి మాత్రం మస్తు మెత్తగొచ్చింది.

"అత్తా, నిన్నటికెల్లి లెక్క నడుస్తున్నది అందుల!" అని నల్లా కాడికెల్లి బిందెతోనే ఉరికొచ్చింది సీమా.

"యాడ నడిచిందే? కూసున్నకాడనే ఉండె గదా," అన్నది అత్త.

మంచం మీదికెల్లి ఆమె మొగుడు స్వప్నిల్ లేవకుంటనే సలహా ఇచ్చిండు. "మళ్ల బటన్ నొక్కు, అయిపాయె. ఇంట్ల సిలిండర్ ఉండంగ కంప్యూటర్ల గ్యాస్ ఎందుకే నీకు?" ఈ జోకు ఆయన పెండ్లిళ్లల్ల చెప్పిండు, చావులల్ల చెప్పిండు, గ్రాంట్ రోడ్ స్టేషన్ల టికెట్ లైన్ల ముందున్నోనికి గూడ చెప్పిండు. ఆ మనిషి లైన్ ఇడిచిపెట్టి నడుసుకుంట పోయిండు.

సీమా ఎంటెక్ ప్రాజెక్టు గిదీ: పెద్ద గొట్టంల వేడి ఇసుక, కిందికెల్లి గాలి. గాలి సరిగ్గ కొడితే ఇసుక అంబలి లెక్క కుతకుత ఉడుకుతది. అందుల వరిపొట్టు ఏస్తే, మొత్తం మండేటంత గాలి ఉండది గాబట్టి, గ్యాస్ అయితది. ఒక్కో రేణువు యాడికి పోతదో కంప్యూటర్ లెక్కగట్టాలె. "యాడికి పోతున్నవ్, ఎప్పుడొస్తవ్" అని రేణువు రేణువును అడుగుడు సీమాకి కష్టమనిపించలే. పెండ్లయినకాడికెల్లి ఆ ప్రశ్నల మీదనే బతుకుతున్నది. గాలి తక్కువైతే ఇసుక లేవది. అప్పుడు చూసెటోళ్లు గాలిని తప్పువట్టరు, ఇసుక గుణమే గంత అంటరు. కాలేజ్‌ల పెద్ద కంప్యూటర్ ఉన్నది. గైడ్ సార్ దాన్ని ఆమె తోటి సదివే నవీన్‌కిచ్చిండు. "నీకేమమ్మా, ఇంట్ల ఆరాంగ కూసోని చేసుకోవచ్చు" అన్నడు. సోమవారం ప్రాజెక్టు చూడనీకొచ్చే కంపెనీవోళ్ల ముంగట లెక్క చూపియ్యకపోతే ఆమె జాగల నవీనే చూపిస్తడట. ఆరాంగ! ఒక్క అర్ర ఖోలీల ఉన్నది ఒక్క ప్లగ్గు. దాని మీద టీవీకి హక్కున్నది, ఇస్త్రీ పెట్టెకున్నది, మరిది ఫోన్‌కున్నది. సీమా వంతు వచ్చెసరికి ఇసుక రాయైతది.

లెక్క నడుమ నడుమ సేవ్ అయితది గాబట్టి ఆగినకాడికెల్లి మళ్ల మొదలువెట్టొచ్చు. ఆపెటోళ్లు లేని జాగ గావాలె, అంతే.

బిందె కిందవెట్టింది. లాప్‌టాప్ సంకల వెట్టి, వరుస ఖోలీల చాల్ మెట్లు దిగి, కింద మొగోళ్లు కూడే సంఘం గదిలకు, అదే మండల్ గదిలకు పోయింది. లోపల క్యారమ్ ఆగిపోయింది. మండల్ అధ్యక్షుడు శంకర్రావు కాకా స్ట్రైకర్ గాల్లనే పట్టుకున్నడు.

"బిడ్డా, ఈడికి ఆడోళ్లు రారు."

"పొద్దుగాల ఊడ్వనీకొస్తి గదా కాకా. అప్పుడు చీపురొక్కటే వచ్చిందనుకున్నరా?"

కాకాకు దగ్గొచ్చింది. ఎంత దగ్గంటే, ఫాక్‌లాండ్ రోడ్ మీద ట్యాక్సీలు సైడిచ్చినయి. ఆ సందుల సీమా గోడకున్న ప్లగ్గుల వైరు వెట్టి, కుర్చీ గుంజుకొని కూసున్నది. స్క్రీన్ మీద ఇసుక లేచింది.

కొంచెం సేపటికి స్వప్నిల్ బనీను మీదనే దిగొచ్చిండు. "ఏయ్ సీమా, ఇంటికి నడువ్. అన్నం లేదు, నీళ్లు లేవు. అందరు చూస్తున్నరు."

సీమా స్క్రీన్ మీదికెల్లి కన్ను తియ్యలే.

"చూడనీ. సోమవారం ఇంకెక్కువ మంది చూస్తరు."