బొడ్ల సంచిల డబ్బీ

మూసీ వరద మా చెల్కల ఇసుక మేటేసి పోయినంక మూడో ఎండకాలం. నా భార్య గోపమ్మ బడిల పిల్లలకు పగటన్నం వండి ఇంటికొచ్చి, మళ్ల మా పొయ్యి ముందట కూసున్నది.

"జల్ది కానియ్యే. నీడపట్టున వండుడుకే గంత అలుపా?" అన్న. నలభై ఏండ్ల సంది అంటున్న మాటే. ఆమె పొయ్యిల కట్టె ఎగదోసింది.

తెల్లారి కట్టెల మోపు దించనీకి ఆమె ఎంట బడికి పోయిన. అక్కడ సైన్స్ టీచరమ్మ సుచరిత ఏదో దేవులాడుతాంది. పిల్లలతోని ప్రయోగమట. అగ్గిపెట్టెంత తెల్ల డబ్బీలు, తీగెలు లేనియి. ఏడ పెడితే ఆడి వేడి ఫోన్ల పడ్తది. ఫోను దూరమైతే డబ్బీ ఆ లెక్క లోపలనే దాచుకుంటదట. ముందురోజు తరగతిల ఒకటి, చెట్టుకింద ఒకటి, వంట రేకుల కింద ఒకటి పెట్టిన్రు. వంటకాడిది లేదు.

"తీసినోళ్లు రేపటిసంది వంటకు రావద్దు" అన్నడు హెడ్‌మాస్టర్, గోపమ్మ దిక్కు చూసుకుంట.

గోపమ్మ నడుముకు చెక్కుకున్న బొడ్ల సంచిలకెల్లి డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది.

"దొంగతనం కాదు సారూ. మొన్న గుడ్లు తక్కువైతే నన్నే సంచి దులుపుమన్నరు. అవి ట్రే కిందనే దొరికినయి. గిది నా మీద పెట్టిన కెమెరా అనుకున్న. చూడకుండ సంచిల మూసిపెట్టిన."

పిల్లలు కిసకిస నవ్విన్రు. టీచరమ్మ నవ్వలే. ఫోను దగ్గరికి తేంగనే దాంట్ల వేడి గీత పడ్డది. ఎక్కుడు, దిగుడు.

"అవ్వా, నిన్నటిసంది నీతోనే ఉన్నదా?"

"పండుకున్నప్పుడు గూడ."

"తరగతిల ముప్పైనాలుగు డిగ్రీలు. పదకొండింటికి నీకాడ నలభైయేడు! సాయంత్రం ఏడింటికి మళ్లెందుకు ఎక్కింది?"

"ఇంట్ల వండిన."

"పొద్దుగాల ఐదింటికి?"

"ఈయనకు చాయ, తానానికి నీళ్లు."

టీచరమ్మ నా దిక్కు చూసింది. గోపమ్మ అన్నది: "ఆయనకు కడితే గీత సాపుగ వస్తది బిడ్డా, అరుగు లెక్క."

ఈసారి అందరు నవ్విన్రు. నేను కట్టెలు సదురుకుంట నిలవడ్డ.

"రేకు లేపి పొగకు జాగా చెయ్యాలె సార్. ఈ గీతనే పై ఆఫీసుకు పంపుత" అన్నది టీచరమ్మ. హెడ్‌మాస్టర్ గొంతు సవరించుకొని, "వంట నువ్వే చెయ్యమ్మా" అన్నడు.

వంట అయినంక ఇంటికి పొయ్యేటప్పుడు దారిపొడుగున గోపమ్మనే మాట్లాడింది. "ఒళ్లు మండుతాందంటే మీ అమ్మ 'మేము వండలేదా' అనేది. నువ్వు నీడపట్టంటవ్. ఇని ఇని నాకే అనుమానమైంది, గిదంత నా సోకేనేమోనని. రాత్రి ఆ డబ్బీని పట్టుకొని ఏడ్సిన, కొలువు పోతదని. అదేమో నేను పడ్డదంత నాతోని పడి, నలుగురి ముందట చెప్పింది. ఇగ నాకు అనుమానం లేదు. పొద్దుగాల పొయ్యి ఇగ నేను ముట్టియ్య."

తెల్లారి ఐదింటికి లేచిన. గోపమ్మ కండ్లు తెరిచే ఉన్నది, లేవలే. కట్టెలు ఊది ఊది ముట్టిచ్చి, చాయకు పెట్టిన. చక్కెర ఏడుంటదో ఎరుక లేదు. ఆమెను అడగకుండ, ఒక్కొక్క సీస మూత తీసి చూసిన.