చూడని మొగానికి హాజరు

నీలావతిని విద్యార్థి సంఘానికి ఎన్నుకున్నది ఆమె మాట వినడానికి కాదు. ఆడపిల్ల ఒకతె ఉంటే కాలేజీకి పేరు వస్తుంది, పెట్టమన్నచోట సంతకం పెడుతుంది, ఏడాది తిరిగేలోగా పెళ్ళి చేసుకుని పోతుంది అని వెంకటరాముడు లెక్కవేసుకున్నాడు. సంఘానికి అధ్యక్షుడు అతడే. హాస్టలు మెస్సు కూడా పిల్లలే నడుపుకునేవాళ్ళు, దాని పెత్తనమూ అతనిదే. హిందూపురం కాలేజీలో అతడు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

ఆ ఏడు యూనివర్సిటీ నుంచి కొత్త నియమం వచ్చింది. ఆటలకు పోయే పిల్లలు చదువులో ఎట్లా ఉన్నారో ఇద్దరు లెక్చరర్లూ, సంఘం తరఫున ఇద్దరు విద్యార్థులూ చూడాలి. నలుగురూ సరేనని సంతకం చేస్తేనే ఆటగాణ్ణి పంపాలి. ధర్మవరంలో చెడుగుడు పోటీలు దగ్గరపడ్డాయి. ఓబులేసు పేరు కింద మూడు సంతకాలు పడ్డాయి. నాలుగోది నీలావతిది. ఆమె పెట్టనంది.

ఓబులేసుది చిలమత్తూరు పక్క పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. కూతకు పోయాడంటే ఇద్దర్నో ముగ్గుర్నో తాకి గాని గీత దాటి వెనక్కి రాడు. ఆటల మాస్టరు గంగాధరప్ప ఆ పిల్లవాణ్ణి ఏరి తెచ్చి, మెస్సులో ఊరికే కూడు పెట్టించి, రెండేండ్లుగా మైదానంలోనే కట్టేశాడు. క్లాసు గడప తొక్కనివ్వలేదు. హాజరు మాత్రం ఒక్కరోజు తప్పకుండా పడుతూ వచ్చింది. అర్ధసంవత్సరం పరీక్షలో వాడు తెల్లకాగితం మడిచి ఇచ్చి వచ్చాడు. ఇంతకుముందు ముదిగుబ్బ పిల్లవాడు ఒకడు ఇట్లాగే ఆడి ఆడి, మోకాలు పోగొట్టుకుని, పరీక్ష తప్పి ఊరు చేరాడు. ఆ తర్వాత వాడి పేరు ఎత్తినవాళ్ళు లేరు. అది తలుచుకుంటే నీలావతికి కడుపు మండేది. పొద్దున పెనుకొండలో రైలెక్కింది మొదలు హిందూపురంలో దిగేదాకా ఆ మంట చల్లారేది కాదు.

గంగాధరప్ప ఆమెను వరండాలో పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఒక గీత గీకేదానికి ఇంత పంచాయితీనా?"

"గీతే అయితే మీరే గీక్కోండి సార్. నన్నెందుకు అడుగుతాండారు?"

"వాడు ఆడకపోతే వాని కూడు పోతాది. ఆ పాపం నీది."

"చదువుకని వచ్చినోనికి చదువు లేకుండా చేసినారు. ఇప్పుడు కూడు చూపించి బెదిరిస్తాండారా?"

ఆయన పండ్లు కొరుక్కుంటూ పోయాడు. మరుసటి రోజే వెంకటరాముడు సంఘం సమావేశం పెట్టాడు. నీలావతిని తీసేసి, ఆమె చోట ఇంకొకణ్ణి వేయాలని. హాలు నిండింది. వేదిక మీద కుర్చీల్లో ప్రిన్సిపాలు, ఇద్దరు లెక్చరర్లు, లైబ్రరీ గుమాస్తా పోతులయ్య కూర్చున్నారు.

"కూర వడ్డించమని గరిటె చేతికిస్తే, ఉప్పు ఎంతేసినారని అడిగే రకం ఈమె. సంఘం మాది, ఎవరుండాల్నో మేమే చూసుకుంటాము" అన్నాడు వెంకటరాముడు. పిల్లలు బెంచీలు చరిచారు.

అప్పుడు ఓబులేసు లేచాడు. వాణ్ణి ఎవరో ఎగదోశారని నీలావతికి తెలుసు. అయినా వాడి గొంతులో ఉన్నది వాడి సొంత కోపమే.

"నేను నీకేం చేసినా తల్లీ? మీ ఇంట్లో మీకు కూడు ఉండాది. నా కూడు నాకు ఆటలో ఉండాది. దాంట్లో దుమ్ము పోస్తాండావే."

ఆ మాట ఆమెకు చురుక్కుమని తగిలింది. ఎవరిమీదో పుట్టిన కోపం వాడి మీద పడింది.

"సరే ఓబులేసూ, ఒక్కటి చెప్పు. ఆడ కూర్చున్న వాళ్ళలో మన హిస్టరీ సార్ ఎవరు?"

ఓబులేసు వేదికకేసి చూశాడు. ఒక్కొక్క మొగమూ వెతికాడు. చివరికి కోటు తొడుక్కున్న మనిషిని చూసి, ఈయనే అయివుండాలనుకుని వేలు చూపాడు. ఆ కోటు మనిషి పోతులయ్య.

హాలు పగిలిపోయేట్టు నవ్వింది. పోతులయ్య గాభరాగా లేచి, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. హిస్టరీ చెప్పే ఆదినారాయణ ఆ పక్క కుర్చీలోనే ఉన్నాడు. అందరితో కలిసి ఆయనా నవ్వాడు.

నీలావతి నవ్వలేదు. ఓబులేసు చెవులు ఎర్రబడడం చూసింది. తనను తాను కొట్టుకోవాలనిపించింది.

నవ్వులు తగ్గేదాకా ఓబులేసు అట్లాగే నిలబడ్డాడు.

"నగండప్పా. ఆయప్ప నాకు తెలీదు. నిజమే. మరి రోజూ నాకు హాజరేసేది ఆ సారే గదా, నా మొగం చూసే ఏసినాడా? నేను ఒక్కతూరి తప్పు చూపించినా. ఆయప్ప రెండేండ్లు తప్పు ఏసినాడు. నన్ను చూసి నగినోళ్ళు అటు చూసి గూడా నగండి."

ఎవరూ నవ్వలేదు. ఆదినారాయణ చేతిరుమాలుతో మొగం తుడుచుకున్నాడు. ప్రిన్సిపాలు వెంకటరాముడికి కనుసైగ చేశాడు. అతడు గబగబా చేతులెత్తమన్నాడు. పక్కవాణ్ణి చూసి పక్కవాడు ఎత్తాడు. నీలావతిని తీసేశారు. కొత్తగా వచ్చినవాడు అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

తెల్లవారి ధర్మవరం పోవాల్సిన రోజు. నీలావతి క్లాసుకు వచ్చేసరికి ఓబులేసు ముందు బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు. ఆదినారాయణ పేర్లు పిలిచాడు. ఓబులేసు పేరు అలవాటుగా దాటిపోబోతుంటే "ప్రజెంట్ సార్" అని వినబడింది. ఆయన తలెత్తాడు.

అంతలో గంగాధరప్ప తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఒరే, రైలుకు టైమైతాంది. లెయ్."

"నేను రాను సార్."

"పోరా, హాజరు నేను వేస్తాలే" అన్నాడు ఆదినారాయణ మెల్లగా.

"ఈడ ఉండాను గదా సార్. ఉండినందుకే వేయండి."

గంగాధరప్ప లోపలికి వచ్చేశాడు. "రాత్రికి మెస్సులో నీకు తట్ట వేస్తే అడుగు. కూడు బంద్."

ఓబులేసు మెడ వంగింది. గొర్రెలమ్మి చదివించే తండ్రి కాదు వాడి తండ్రి, మెస్సులో ఈ తట్టెడు కూడు పోతే రేపటి బస్సుకే ఊరు పోవాలి. అది ఆ గదిలో అందరికీ తెలుసు. అందరూ పుస్తకాల్లోకి చూస్తున్నారు.

నీలావతి లేచి వెనక్కి తిరిగింది. వెనక బెంచీలో అదే క్లాసు చదివే వెంకటరాముడు ఉన్నాడు.

"మెస్ ఎవరిది? మాస్టరుదా, మీదా? నన్ను తీసేసేటప్పుడు సంఘం మాది అంటివి. ఇప్పుడు చెప్పు. హాస్టలు పిల్లల దుడ్లతో మీరు వండుకునే కూడు బంద్ చేసేదానికి ఆయనెవరు?"

"కూర్చో నీలావతీ" అన్నాడు ఆదినారాయణ.

"కూర్చోను సార్. అతన్ని చెప్పమనండి."

వెంకటరాముడు లేచాడు. గంగాధరప్పను చూశాడు. క్లాసంతా తననే చూస్తోంది, నిన్న తనతో చేతులెత్తినవాళ్ళే. ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నాడు.

"మెస్ మాది సార్. తట్ట మేమే వేస్తాము."

గంగాధరప్ప తలుపు దబ్బున వేసి వెళ్ళిపోయాడు. దూరంగా స్టేషనులో రైలు కూసింది.

ఆదినారాయణ పుస్తకం తెరిచాడు. "యాడిదాకా వచ్చినాము?"

"వాళ్ళు యాడిదాకా వచ్చినారో నాకు తెల్దు సార్" అన్నాడు ఓబులేసు. "నాకు మొదటి నుంచీ కావల్ల."