జరీ అంచు బెల్టు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుళ్లాయప్ప పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కొట్టినవాడు కాడు. కానీ కొట్టుకోవడం మీద ఆయనకున్నన్ని అభిప్రాయాలు ఏ కొట్టులోనూ దొరకవు. కరాటే అంటే కరాలతో చేసేది, కాళ్ళతో తన్నితే అది కాలాటే అవుతుందని వాదించేవాడు. కుస్తీ సుస్తీకి దారి అనేవాడు. బాక్సింగు సంగతెత్తితే, చేతులకు దిండ్లు కట్టుకున్నాక కొట్టుకోవడం ఎందుకు, హాయిగా పడుకోవచ్చు కదా అనేవాడు. పోగుల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కాస్త పొగరు అంటుకోదా మరి!

ఆ పొగరుకు అసలు కారణం కూతురు దీపిక. డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. ప్రతి ఆదివారం రైలెక్కి హిందూపురం పోయి, హనుమంతరాయుడనే మాస్టరు దగ్గర కరాటే నేర్చుకుంటోంది. నేర్చుకుని నేర్చుకుని బ్లాక్ బెల్టు పరీక్ష దాకా వచ్చింది. అది గెలిస్తే తమ వీధిలోనే ఆడపిల్లలకు క్లాసు పెట్టాలని ఆమె పంతం. అంత దూరం పిల్లల్ని పంపలేని తల్లులందరూ ఒకే మాట మీద నిలబడ్డారు: "ముందు నల్ల బెల్టు తెచ్చుకోనీ. మా పిల్లోల్లను పంపిస్తాం."

బెల్టు అనగానే బెల్టు షాపే గుర్తొచ్చే ఎదురింటి ఉలిగప్ప ఒక్కడే, "ఏమప్పా, పొద్దున తెరుస్తారా, సాయంత్రమా?" అని అడిగాడు. కుళ్లాయప్ప లెక్కచేయలేదు. ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో పాతదాన్ని విప్పించేసి, దాని గుంత పూడ్చి, క్లాసు కోసం నేల చదును చేయించాడు. పరీక్ష ఇంకా జరగనే లేదు. బెల్టు రాకపోతే ఆ మగ్గమూ ఉండదు, క్లాసూ ఉండదు, ఉలిగప్ప నవ్వు మాత్రం ఉంటుంది.

అంతటితో ఆగితే ఆయన కుళ్లాయప్ప ఎందుకవుతాడు? పరీక్షకు కట్టుకోవాల్సిన గోధుమరంగు బెల్టు వెలిసిపోయిందని తానే ఒకటి నేశాడు. అచ్చమైన పట్టు. రెండు వైపులా జరీ అంచు. రెండు కొసల్లో చెరొక బుటా.

"ధర్మవరం పిల్ల నడుముకు ఫ్యాక్టరీ గుడ్డేంది మ్మా? మన మానం పోదా?"

దీపిక దాన్ని వేళ్ళతో తడిమి చూసింది. "జారుతుందేమో నాయనా."

"నేను నేసింది జారేదేంది? చీరలు కట్టుకున్న ఆడోల్లంతా బాగనే నడుస్తాండారు కదా?"

ఆయన మొహం వెలిగిపోతుంటే ఆ పిల్ల ఇంకేం అంటుంది? సరేనంది. మగ్గం మీద చీర పూర్తికావాలని భార్య నాగలక్ష్మి పరీక్షకు రానంది. చిత్రాన్నం డబ్బా సర్దుతూ, సంచి అడుగున ఇంకేదో మడిచి పెట్టింది.

తండ్రీకూతుళ్ళు పొద్దున రైలెక్కారు. పెనుకొండలో ఓబన్న ఎక్కాడు. నాగలక్ష్మి తమ్ముడు, జాతరల్లో కర్రసాము చేసే మనిషి. చేతిలో వెదురుకర్ర లేకపోతే ఆయన్ని కన్నవాళ్ళు కూడా గుర్తుపట్టరు. మేనకోడలి పరీక్ష చూడటానికి వస్తున్నాడు కానీ, కూర్చోకముందే బావ మీదికి కయ్యానికి దిగాడు.

"ఏం బావా, ఉత్త చేతులతో పోరాటం యాడన్నా ఉండాదా? కర్ర ఉంటే మనిషి మన దగ్గరికే రాడు."

"కర్ర ఇంట్లో మర్చిపోతే ఏం చేస్తావురా?"

"నేను మర్చిపోను."

"చేతులైతే మర్చిపోదామన్నా కుదరదు. అదీ కరాటే గొప్ప!"

పక్కసీటు వాళ్ళు నవ్వారు. దీపిక కిటికీలోంచి తల తిప్పింది. "మామా, నాయనా, ఇద్దరూ గమ్మునుండండి. ఏ విద్యైనా ఒకటే. ఎవడన్నా మీదికొస్తే ముందు పారిపోవాల. దారి లేకపోతే గట్టిగా అరవాల. అరిచినా వదలకపోతే అప్పుడు కొట్టాల. కొట్టి మళ్ళీ పారిపోవాల."

కుళ్లాయప్ప తలపట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు రైలు టికెట్లు కొని పంపించింది పరుగు నేర్చుకునేదానికా మ్మే? పరుగైతే మన వీధి కుక్కలు ఊరికే నేర్పిస్తాయే! ఈడ అంటే అన్నావు, ఆడ మాస్టరు ముందర అనొద్దు."

హిందూపురంలో పరీక్ష ఒక కల్యాణమంటపంలో. పెళ్ళికొడుకు కూర్చునే చోట హనుమంతరాయుడు కూర్చున్నాడు. తాళికి మూడు ముళ్ళు వేసే ఆ మంటపంలోనే, ఒకే ఒక్క ముడితో నడుం కట్టిన దీపిక నిలబడింది.

మొదట కటా. అంటే లేని శత్రువులను గాలిలో ఊహించుకుని వరసగా వేసే అడుగులూ దెబ్బలూ. దీపిక చేయి విసిరితే తెల్లబట్టలు టప్పుమన్నాయి. ఓబన్న కూడా కర్ర పక్కన పెట్టి చూశాడు. కానీ కుళ్లాయప్ప కళ్ళు కూతురి చేతుల మీద లేవు, ముడి మీద ఉన్నాయి. ప్రతి మలుపుకూ అది కాస్త కాస్త వదులవుతోంది. జరీ ఉన్నది జరక్కుండా ఉంటుందా! కటా ముగిసేసరికి బుటాలు మోకాళ్ళ దాకా వచ్చాయి. దీపిక వంగి మళ్ళీ బిగించుకుంది.

తర్వాత అసలు పరీక్ష. వెనక నుంచి పట్టుకున్నవాడి చేతిలోంచి విడిపించుకోవాలి. పట్టుకునేవాడు చైతన్య. గుడిబండ కుర్రాడు, ఊరిపేరులోని బండంతా ఒంట్లోనే ఉంది. వచ్చి రెండు చేతులతో బెల్టు పట్టి వెనక్కి లాగాడు. దీపిక ముందుకు గుంజుకుంది. అంతే! ముడి సర్రున విడిపోయి, బెల్టు మొత్తం చైతన్య చేతికొచ్చింది. పట్టు దొరికిందిగానీ పట్టు తప్పింది. బండ వెనక్కి వెళ్ళి ధబేలుమని కూలబడింది.

మంటపమంతా ఈలలు. కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడు. "సూడండప్పా! ధర్మవరం పట్టంటే అదీ!"

హనుమంతరాయుడిది కర్ణాటక సరిహద్దు మాట. "సాకు, సాకు" అని చేయెత్తాడు. కన్నడంలో సాకు అంటే చాలు అని. "తప్పించుకుందా లేదా? తప్పించుకుంది. ఇంకేం కావాల? పాస్."

మాస్టరు సాకు అన్నా దీపిక తెలుగులో ఏ సాకూ వెతుక్కోలేదు. అక్కడే నిలబడింది.

"లేదు సార్. తప్పించుకున్నది నేను కాదు, ముడి."

"ఏనమ్మా, పాస్ అన్నా కదా?"

"రేపు మా వీధి పిల్లోల్లకు ఏం చెప్పాల సార్? ఎవడన్నా పట్టుకుంటే జారిపోయే బెల్టు కట్టుకోండి అనా? ఇంకోసారి పట్టుకోమనండి."

కుళ్లాయప్ప గుండె జారింది. "దీపీ! ఇచ్చింది తీసుకో మ్మా!"

హనుమంతరాయుడు గడ్డం గోక్కున్నాడు. "ఇంకోసారి అంటే ఇదే లెక్కలోకి వస్తాది, ముందుది రాదు. విడిపించుకోలేకపోతే మళ్ళీ వచ్చే ఏడే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

దీపిక తండ్రి దగ్గరికి వచ్చింది. "నాయనా, చిత్రాన్నం సంచి ఇట్లియ్యి."

"ఇప్పుడు ఆకలేంది మ్మే?"

"అమ్మ అడుగున పాత బెల్టు పెట్టింటాది. అమ్మ సంగతి నాకు తెలుసు."

కుళ్లాయప్ప సంచిలో చేయి పెట్టాడు. తగిలింది, వెలిసిపోయిన నూలు బెల్టు. గరుకుగా, ఎగుడుదిగుడుగా, ఏ అందమూ లేకుండా. జీవితంలో మగ్గం మీద నూలు ఎక్కించనివాడు దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పట్టు బెల్టు ఎదురుగా చైతన్య చేతిలో మెరుస్తోంది. ఎంత బాగుంది! ఎంత బాగుంటే మాత్రం ఏం, ఆగలేదు కదా.

ఆయనే వంగాడు. కూతురి నడుముకు నూలు బెల్టు చుట్టి, బలమంతా పెట్టి ముడి బిగించాడు.

"ఊపిరాడాల నాయనా!"

"ఆడతాదిలే. పో. కొట్టు వాణ్ణి."

ఈసారి చైతన్యకు కూడా కోపంగా ఉంది. కిందపడి నవ్వులపాలయినవాడు కదా, వచ్చీ రాగానే గట్టిగా పట్టి ఈడ్చాడు. ముడి కదల్లేదు. దీపికా ముందుకు గుంజుకోలేదు. వాడు లాగుతున్న వైపుకే, వాడి మీదికే, నడుం కిందికి దించి వెనక్కి వెళ్ళింది. అరుపు అరిచింది. మంటపం బయట పడుకున్న కుక్క లేచింది. మడమ వాడి పాదం మీద, మోచేయి వాడి పక్కటెముకల దగ్గర. దెబ్బ తగలకుండా ఆపిందిగానీ వాడి చేతులు మాత్రం వాటంతటవే వదిలేశాయి. చేతులు వదలగానే దీపిక తిరిగింది, వాణ్ణి ఒక్క తోపు తోసి పరుగెత్తింది. నేరుగా వాకిలి దాకా.

అందరి తలలూ వాకిలి వైపు తిరిగాయి. "యాడికి పోతాండావమ్మా?" అన్నాడు హనుమంతరాయుడు.

"విడిపించుకున్నా కదా సార్. ఇంక ఈడ నాకేం పని?"

మాస్టరు కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు. కుళ్లాయప్ప అటూ ఇటూ చూసి, రైల్లో అన్న మాటలు ఓబన్నకు గుర్తులేకపోతే బాగుండునని మనసులో అనుకున్నాడు. ఓబన్నకు అన్నీ గుర్తున్నాయి.

"బావా, మీ వీధి కుక్కలు బాగనే నేర్పించినాయి."

తిరుగు రైల్లో దీపిక నడుముకు నల్ల బెల్టు. కుళ్లాయప్ప దాని కొస పట్టుకుని వెనకా ముందూ చూశాడు. "కుట్టు సరిగా లేదు. అంచు అస్సలు లేదు" అని తేల్చాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మన క్లాసు పిల్లోల్లకంతా నేనే నేస్తా బెల్టులు. ధర్మవరం పేరు నిలబెట్టాల."

"నేయి నాయనా. మొదట చేరేవాళ్ళకు తెల్లవి. కానీ పట్టుతో కాదు, నూలుతో."

"నూలా! నేనా!"

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పెనుకొండలో ఓబన్న దిగుతూ "పోయొస్తా బావా" అన్నా ఆ మొహం ఇటు తిరగలేదు. రైలు కదిలింది. కూతురు సంచిలోంచి చిత్రాన్నం తీసి చేతికిచ్చింది. తిన్నాడు. నీళ్ళు తాగాడు. ధర్మవరం దగ్గరపడుతుండగా, నడుముకున్న ఆ నల్ల బెల్టు మీద రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచాడు.

"తెల్లవాటికి కూడా ఇంతేనా వెడల్పు?"