టీచర్‌ని పేరు పెట్టి పిలిచిన రోజు

నింగ్రుమ్ చేతికి చిక్కిన బంతి జారదు. ఎటొచ్చీ నోరే పెగలదు. సుంబర్‌జాతి మహిళల జట్టుకు ఆమె గోల్‌కీపర్. జిల్లా లీగ్‌లో ప్రతి జట్టూ పదిహేడేళ్లలోపు పిల్లల్ని ఇద్దరినైనా ఆడించాలి. ఆ నియమం పుణ్యమా అని చోటు దొరికింది. ఈ రోజు గెలిస్తే జట్టు తూర్పు జావా పోటీలకు వెళ్తుంది. పెద్ద క్లబ్బుల వాళ్లు ఆటగాళ్లను ఏరుకునేది అక్కడే.

చిక్కల్లా ఒకటే. ఆమెకు ముందు డిఫెండర్‌గా ఆడేది యుని టీచర్. బడిలో ఆమెకు లెక్కలు చెప్పేదీ ఆవిడే.

మొదటి సగంలో బంతి చెరుకుతోట వైపు నుంచి ఎత్తుగా వచ్చింది. "టీచర్, మీరు కాస్త పక్కకి జరిగితే..." అని నింగ్రుమ్ అంటూండగానే ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి వలలో పడింది.

విరామంలో కోచ్ దర్సోనో వేయించిన టెంపె సోయా ముక్క నములుతూ వచ్చాడు.

"పెళ్లి పిలుపులకొచ్చావా తల్లీ? నీ మర్యాదలు అయ్యేదాకా బంతి గాల్లో ఆగుతుందా? పేరు, పని. రెండే మాటలు."

"టీచర్‌ని పేరు పెట్టి ఎలా సార్?"

"అయితే రిరిన్‌ని దింపుతా. అది వాళ్ల నాన్ననైనా పేరు పెట్టే పిలుస్తుంది. ఇంకొక్కసారి ఇలా నసిగావంటే నువ్వు బయటికే."

రెండో గోల్‌కీపర్ రిరిన్ అప్పుడే గ్లవ్స్ తొడుక్కుంది. యుని టీచర్ తల ఎత్తకుండా బూటు తాడు కట్టుకుంటూ ఉండిపోయింది.

తర్వాత సుంబర్‌జాతి రెండు గోల్స్ కొట్టింది. కాసేపటికి బంతి మళ్లీ ఎత్తుగా లేచింది. టీచర్ వెనక్కి పరుగెత్తుకొస్తోంది. గట్టు మీద అమ్మ కూర్చుని చూస్తోంది. నింగ్రుమ్ కళ్లు మూసుకున్నంత పని చేసింది.

"యునీ! వదులు!"

టీచర్ చటుక్కున వంగింది. బంతిని నింగ్రుమ్ గుండెకు హత్తుకుంది. గట్టు మీద అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రిరిన్ గ్లవ్స్ విప్పేసింది.

ఆ తర్వాత "యునీ, ఎడమకి", "యునీ, వెనక్కి" అని ఎన్నిసార్లు పిలిచిందో. టీచర్ ప్రతిసారీ పరుగెత్తింది. ఇంకో గోల్ పడలేదు.

ఆట ముగియగానే అమ్మ వచ్చి రెక్క పట్టుకుంది. "గురువును మేకను అదిలించినట్టు అదిలిస్తావా? పద, తప్పయిందని చెప్పు."

నింగ్రుమ్ టీచర్ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది. "తప్పయింది టీచర్."

"బళ్లో అలా పిలిస్తే తప్పే," అంది యుని టీచర్, ఆయాసపడుతూనే. "పై పోటీల్లో మాత్రం ఇంకా గట్టిగా పిలవాలి. చివర్లో రెండుసార్లు నాకు వినపడనే లేదు."