ఏడుపు మానేసిన నెల

చోడవరం దగ్గర మూడెకరాల చెరకు రైతు సత్యారావుకు క్షయ పట్టుకుంది. పట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. ఏడాదిన్నర అక్కడే ఉండిపోయాడు.

ఇంట్లో భార్య నూకరత్నం ఒక్కతే. పిల్లలు లేరు. పక్క పొలం రైతు దాసు, భార్య పోయినవాడు. తన చెరకుతోపాటు వాళ్ళదీ ఆడించి బెల్లం వండించేవాడు. నెలకోసారి నూకరత్నాన్ని బస్సులో పట్నం తీసుకెళ్ళి, సత్యారావు మంచం దగ్గర దిగబెట్టి, తాను వరండాలో కూర్చునేవాడు. ఎండాకాలం వచ్చేసరికి వాళ్ళిద్దరూ దగ్గరయ్యారు.

సూదిమందులు పనిచేశాయి. సత్యారావు ఒళ్ళు చేసి ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చోగానే నూకరత్నం ఎదురుగా నిలబడింది.

"మావా, నీకో మాట సెప్పాలి. విన్నాక పొమ్మంటే ఎలిపోతాను."

చెప్పింది. ఏమీ దాచలేదు. సత్యారావు తల వంచుకుని విన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఎవులు సెప్పేరు?"

"నువ్వే. మొదట్లో వచ్చినప్పుడల్లా ఏడిసీదానివి. ఎండలు ముదిరిన నెల్లో ఏడుపు మానీసేవు. నన్ను నవ్వించాలని సూసేవు."

"మరి అడగలేదేటి?"

"అడిగితే నువ్వు రావడం మానీస్తావని భయమేసింది."

అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి అక్కడే గోడకు చేరగిలబడి ఏడ్చింది.

"ఆడంటే ఇష్టమా?" అని అడిగాడు కాసేపటికి.

"ఇష్టమే. నువ్వు బతకాలని మొక్కుకోవడం మాత్రం ఒక్క రోజూ మానలేదు. రెండూ నిజమే మావా."

ఆ జవాబు అతనికి కొరుకుడు పడలేదు. నెల్లాళ్ళు పశువులశాలలోనే పడుకున్నాడు. ఆమెను పొమ్మనలేదు, పలకరించనూ లేదు. చివరికి ఒక ఉదయం దాసు ఇంటికెళ్ళాడు. దాసు లేచి నిలబడ్డాడు.

"నా పంట నిలబెట్టేవు. అది మర్సిపోను," అన్నాడు సత్యారావు. "మా గుమ్మం మాత్రం ఎక్కకు."

"ఎక్కనన్నా," అన్నాడు దాసు.

ఆ రోజు నుంచి సత్యారావు ఇంట్లోనే పడుకున్నాడు. తర్వాత ఎంత కోపం వచ్చినా ఆ సంగతి ఆమె ముందు ఎత్తలేదు. కానీ సత్యారావు, దాసు పొలం గట్టు మీదుగా నడవడం మానేసి, చుట్టూ తిరిగి తన పొలానికి వెళ్ళేవాడు. కొన్నాళ్ళు ఒక్కడే నడిచాడు. నాట్లనాటికి నూకరత్నం కూడా, గంజికుండ నెత్తిన పెట్టుకుని, ఆ దూరపు దారినే అతని వెనక నడిచింది.