మూతకు లోపలి పిడి

క్వారీ గేటు దగ్గర సమ్మె కూలీల మీద లాఠీలు లేచినప్పుడు, వెదురు అల్లేవాళ్ళ ఇంటి ఎడంచేతివాటం కోడలు రోడ్డుకు ఇవతల గంపలు అమ్ముకుంటోంది. కూలీల్లో ఆమె తమ్ముడున్నాడు. వాడు విసిరిన రాయి పోలీసు చేతిలోని వెదురు డాలుకు తగిలి బెండుముక్కలా కింద పడింది. ఆ వెంటనే వాడి తల పగిలింది.

ఆమె చూపు డాలు మీద పడింది. ఆ డాలు అంచు కట్టు ఎడమవైపుకు తిరిగి ఉంది. అల్లేవాళ్ళ వీధి మొత్తంలో అలా కట్టేది ఆమె ఒక్కతే. ఎంత గట్టిగా అల్లావే తల్లీ, అని తనను తానే తిట్టుకుంది.

"పెద్ద గంపలకు మూతలు" అని చెప్పి కాంట్రాక్టర్ చేయించుకుపోయిన సరుకది. మూతకు పిడి లోపలివైపు ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడిగితే పని పోతుందని భయం.

సాయంత్రం వీధంతా కూడింది.

"మన వేలితో మన కన్నే పొడిపించాడు. ఇంక ఒక్కటి కూడా అల్లొద్దు," అంది కోడలు.

"చెప్పొచ్చావులే!" అత్త విరుచుకుపడింది. "ప్లాస్టిక్ వచ్చాక మన గంపల మొహం చూసేదెవరు? ఈ పని కూడా పోతే పొయ్యిలో పిల్లి లేవదు. మనం మానేస్తే ఇంకొకడు అల్లడా?"

"ఆ ఇంకొకడికీ చెబుదాం అత్తా."

"రేపు ఈ డాళ్ళు మన వీధికే వస్తే?" అన్నాడు బద్దలు చీల్చే ముసలాయన.

ప్రతి వాకిట్లో కొత్త డాళ్ళు సగం అల్లి ఉన్నాయి. వాటివైపు చూడాలంటేనే అందరికీ గుబులు పుట్టింది.

తెల్లారి కాంట్రాక్టర్ జీపుతో, పోలీసులతో వచ్చాడు. డాళ్ళన్నీ విప్పేయగా మిగిలిన బద్దలు వీధి మొదట్లో కుప్పగా పడున్నాయి.

"ఎవరు విప్పమన్నారు?"

"నేనే," అంది కోడలు. ముందుకొచ్చి నిలబడింది.

పోలీసు ఆమె జబ్బ పట్టి జీపెక్కించాడు. అప్పుడు కదిలింది అత్త. రాత్రంతా కోడల్ని తిడుతూనే అల్లిక విప్పిన మనిషి, కొంగు బిగించి జీపులో కాలు పెట్టింది.

"దీనికి పని నేర్పింది నేనే. నన్నూ తీసుకుపో."

"దిగవే ముసలీ!" అరిచాడు పోలీసు.

"నేనూ విప్పాను," అంటూ ముసలాయన ఎక్కాడు. నేనూ, నేనూ అంటూ వీధంతా జీపు మీదికి వచ్చింది.

జీపులో చోటు చాలలేదు. మిగిలినవాళ్ళు దాని వెనకే స్టేషన్‌కు నడిచారు. దారిలో క్వారీ కూలీలు కలిశారు. తలకు కట్టుతో తమ్ముడూ ఉన్నాడు.

స్టేషన్ ముందు పోలీసుల చేతుల్లో డాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. నడక ఆగలేదు.