కాజాలు కుట్టిన చెయ్యి

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. చేతిలోది పక్కన పెట్టు, ఇది సగం చెవితో వినే సంగతి కాదు.

ఒక టైలరు ఉండేవాడు. రోజూ పొద్దున్నే ఆయన చొక్కాకి భార్య గుండీలు పెట్టేది. ఆయన కుడిచెయ్యి వణకడం మొదలై మూడేళ్ళు. "టైలరు గుండీలు పెళ్ళాం పెడుతోందని బయట అన్నావో" అని పళ్ళు బిగించేవాడు. ఆమె అనలేదు. కొట్టులో తెర కట్టి, దాని వెనక కత్తిరింపు, కుట్టు, కాజాలు అన్నీ తనే చేసేది. తెర ముందు ఆయన మెడలో టేపు వేసుకుని, చెయ్యి జేబులో దాచుకుని కూర్చునేవాడు. "మీ చెయ్యి పడితే బట్టకి ప్రాణం వస్తుంది మాస్టారూ" అని బట్టలిచ్చేవాళ్ళు అంటే, "మా ఆవిడా ఊరికే ఉండదులెండి, దారాలు తెంపి పెడుతుంది" అని నవ్వేవాడు. తెర వెనక ఆమె పెదాల మధ్య సూది ఉండేది, నోరు తెరవడానికి లేదు. "వాడి పరువు నీ చేతిలో ఉంది కోడలా" అనేది అత్తగారు, తిన్న కంచం ఆమె ముందుకు తోస్తూ. పరువుతో పాటు కంచం కూడా తన చేతిలోకే ఎందుకొచ్చిందో ఆమె అడగలేదు.

ఆసుపత్రిలోనూ అదే వరస. "మొన్న మూడు చొక్కాలు కుట్టాను" అనేవాడు. డాక్టరమ్మ సంతోషించి పాత మోతాదే రాసేది. ఇంట్లో మాత్రం గడప దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. రెండుసార్లు పడ్డాడు.

ఆ రోజు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "మెదడు కణాల్లో శక్తిని తయారుచేసే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. ఈ వణుకు జబ్బులో అవి పాడవుతాయి. పాడైనవాటిని కణం తనే ఏరి పారేస్తుంది. చేతకాకపోతే పక్క కణాలు వాటిని తమలోకి తీసుకుని, తమ దగ్గరున్న మంచివి ఇస్తాయి."

"ఆ పక్కవి అలిసిపోవా డాక్టరమ్మా?" అని అడిగింది భార్య.

"అలిసిపోతాయి. అప్పుడిక ఆ జబ్బు కణాన్ని కాపాడేవాళ్ళుండరు."

"ఆవిడకివన్నీ ఎందుకులెండి" అన్నాడాయన.

డాక్టరమ్మ తెల్లకోటుకి ఒక గుండీ వేలాడుతోంది. భార్య తన సంచిలోంచి సూదీ దారమూ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "కుట్టి పెట్టండి."

ఆయన చూసిన చూపు పగవాళ్ళక్కూడా వద్దు. సూది ఎత్తాడు. దారం కొస బెజ్జం చుట్టూ తిరిగింది గానీ లోపలికి పోలేదు. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. భార్య ఆ సూది తీసుకుని ఒక్క తడవలో దారం ఎక్కించి, గుండీ కుట్టి, పంటితో దారం తెంపింది.

"మూడేళ్ళుగా కుడుతున్నది ఈ చెయ్యే. ఇప్పుడు రాయండి మందు."

మర్నాడు ఆమె తెర విప్పి మడతపెట్టి, మిషను వీధివైపు తిప్పుకుంది.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం 'ఒక టైలరు ఉండేవాడు' అనకు. పాత అలవాటు, నేనూ అలాగే మొదలుపెట్టాను. నువ్వు ఆమెతో మొదలుపెట్టు.